మేరీని మేరీగానే ఉండనివ్వండి

మొన్న సంక్రాంతి సంబరాల్లో మన తెలుగు సంఘం వాళ్లు సినిమా భక్తి పాటలతో ఒక కార్యక్రమం పెట్టారు. అన్నమయ్య వచ్చాడు, రామదాసు వచ్చాడు, పిల్లలు ముచ్చటగా చేశారు. తర్వాత నవ్వుల నాటికలో ఒక ఫాదర్ వచ్చాడు. తెల్ల అంగీ, మెళ్లో జపమాల, చేతిలో సీసా. అతను "ప్రభువా" అన్నప్పుడల్లా హాలు విరగబడి నవ్వింది. మేం క్యాథలిక్కులం. పక్కన కూర్చున్న మా అమ్మ, "మన పాట ఒక్కటీ దొరకలేదంటనా వీళ్లకి?" అంది.

దొరక్కేం? మిస్సమ్మ (1955)లో పింగళి రాయగా పి. లీల పాడిన 'కరుణించు మేరిమాత' ఉంది. 1978లో భీమ్‌సింగ్ తీసిన యేసు కథ కరుణామయుడు ఉంది. రాముడంటే ప్రాణం పెట్టే బాపుగారే క్రైస్తవ కథతో రాజాధిరాజు తీశారు.

కరుణామయుడు మా ఊరికి వ్యానులో వచ్చింది. కందుకూరు దగ్గర పల్లె మాది. మా గుడి (చర్చి) ముందు రెండు గుంజలు పాతి తెర కట్టారు. సిలువ మోసే ఘట్టం రాగానే మా నాయనమ్మ మోకాళ్ల మీదికొచ్చి సిలువ మార్గం ప్రార్థన అందుకుంది. రీలు మార్చేటప్పుడు చీకట్లో మాకు ప్రార్థనలు నేర్పే ఉపదేశిగారు గొంతు కలిపారు. ఏనాడూ గుడి మెట్టెక్కని పైవీధి ముసలమ్మ ఒకామె, "ఎవరు కన్న బిడ్డో అమ్మయ్యా, ఎట్టా కొడతన్నారో" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తెర విప్పేశాక కూడా జనం లేవలేదు.

దేవుడి కథ అలా తీశారు. ఆయన్ని నమ్ముకున్న మామూలు తెలుగు మనుషులం మాత్రం తెర మీద సరిగ్గా కనపడం. మిస్సమ్మ నాకెంత ఇష్టమైనా, అందులో కథానాయిక మేరీ చివరికి జమీందారు గారి తప్పిపోయిన మహాలక్ష్మిగా తేలడం మింగుడుపడదు. మేరీగానే ఉండిపోతే కథకేం నష్టం? ఆ తర్వాత సినిమాల్లో ఎక్కువగా చూసింది క్యాథలిక్ అంగీ తొడుక్కుని పాస్టరులా మాట్లాడే ఫాదర్నే. ఒంగోలు బాప్టిస్టుల ఆరాధన వేరు, నెల్లూరు మేత్రాసనంలో (బిషప్ గారి పరిధిలో) మా క్యాథలిక్ పూజ వేరు. ఆ తేడా తెలుసుకునే ఓపిక ఎవరికుంది?

మలయాళంలో 2018లో వచ్చిన ఈ.మ.యౌ. చూడండి. కడలి ఒడ్డు క్యాథలిక్ ఇంట్లో చావు చుట్టూ నడిచే కథ. అందులో ఫాదర్ కటువైన మనిషే. అయినా నాకు కోపం రాలేదు, ఆ ఊరూ ఆ మనుషులూ నిజం కాబట్టి.

మా తప్పులు దాచమనడం లేదు. మా ఊరి సమాధుల తోటలో కులాన్ని బట్టి అడ్డుగోడ ఉంది. పూజలో ఒకే గిన్నెలోంచి సత్ప్రసాదం తీసుకున్నవాళ్లు పోయాక చెరోవైపు పడుకుంటారు. సిగ్గుచేటు. చూపించండి. తాళిబొట్టు మీద చెక్కిన సిలువనీ, ఫిబ్రవరిలో గుణదల మేరిమాత తిరునాళ్లకు పోయి తలనీలాలిచ్చి కొబ్బరికాయ కొట్టే మా వాళ్లనీ కూడా చూపించండి.

మనలో తెలుగు సినిమాలకు పెట్టుబడి పెట్టేవాళ్లు, ఇక్కడ విడుదల చేసేవాళ్లు ఉన్నారు. కథ వినేటప్పుడు మా ఇళ్లు కూడా గుర్తుపెట్టుకోండి. సాంస్కృతిక కమిటీ వారు ఉగాదికి 'కరుణించు మేరిమాత' పాడించండి. నాటిక రాసిన మిత్రులు ఒక ఆదివారం మాతో పూజకు రండి, ఫాదర్ గారితో కూర్చుని మాట్లాడండి. ఆ తర్వాత మీకు తోచినట్టు రాయండి.