ఆ ఐఐటీ మెసేజ్ ఫార్వర్డ్ చేసే ముందు

మా అపార్ట్‌మెంట్ గ్రూపు నుంచి చుట్టాల గ్రూపు దాకా, పది రోజుల్లో ఒకే మెసేజ్ నాకు నాలుగుసార్లు వచ్చింది. పైన “ఐఐటీ సీటు కావాలంటే ప్రతి తల్లిదండ్రీ తెలుసుకోవాల్సిన నిజాలు” అని, కింద “కనీసం పదిమందికి పంపండి” అని ఉంది. మధ్యలో ఆరు ముక్కలు. ఆరో తరగతిలోనే ఫౌండేషన్‌లో, అంటే ఐఐటీ కోచింగ్‌కు ముందస్తు కోర్సులో వేయాలి. హాస్టల్లో పెట్టకపోతే సీటు రాదు. రోజుకు 16 గంటలు చదవాలి. ఇంటర్ మార్కులు లెక్కలోకి రావు. కెమిస్ట్రీ వదిలేసినా మేథ్స్, ఫిజిక్స్ ఉంటే చాలు. పరీక్షలో ఒక్క బిట్టూ వదలకూడదు.

ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పడం నా పని. రాసినవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఇందులో రెండు ముక్కలు చేతికొచ్చిన సీటును కూడా పోగొట్టగలవు. ముందు వాటి సంగతి చూద్దాం.

ఇంటర్ మార్కులు లెక్కలోకి రావన్నది సగం నిజం. ఐఐటీ ఎంట్రన్స్ అయిన జేఈఈలో ర్యాంకు వేసేటప్పుడు బోర్డు మార్కులు కలపరు. కానీ ర్యాంకు వచ్చాక సీటు ఇవ్వాలంటే ఇంటర్‌లో 75 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకైతే 65 శాతం. అంత రాకపోతే తమ బోర్డులో, తమ కేటగిరీలో టాప్ 20 పర్సంటైల్‌లోనైనా, అంటే వందమందిలో పై ఇరవైమందిలోనైనా ఉండాలి. ఎన్‌ఐటీలకూ ఇదే రూలు. మన పిల్లలు మార్కుల కోసమే సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకుంటారు కాబట్టి చాలామందికి ఇది సమస్య కాదు. ఇరుక్కునేది ఇంగ్లీషు పుస్తకం తెరవకుండా, రికార్డు కూడా వేరేవాళ్ల చేత రాయించుకుని, పొద్దస్తమానం కోచింగ్‌కే అంటుకుపోయినవాళ్లు.

కెమిస్ట్రీ సంగతి ఇంకా ఘోరం. జేఈఈలో మొదట మెయిన్, అది దాటినవాళ్లకు అడ్వాన్స్‌డ్. ఐఐటీ ర్యాంకు ఇచ్చే ఈ అడ్వాన్స్‌డ్‌లో మొత్తం మార్కులకే కాదు, ఒక్కో సబ్జెక్టుకూ కటాఫ్ ఉంటుంది. 2025లో కామన్ ర్యాంకు లిస్టులోకి రావడానికి 360కి కనీసం 74 రావాలి, దాంతోపాటు ప్రతి సబ్జెక్టులోనూ 120కి 7 రావాలి. మేథ్స్, ఫిజిక్స్‌లో కలిపి 150 తెచ్చుకున్న పిల్లాడికి కెమిస్ట్రీలో 5 వస్తే లిస్టులో అతని పేరే ఉండదు. ఏడు మార్కులు ఎలాగోలా వస్తాయిలే అనుకున్నా, ఇది నష్టపు బేరమే. మేథ్స్‌లో ఒక లెక్క ఐదారు నిమిషాలు తినేస్తుంది. కెమిస్ట్రీలోని ఇనార్గానిక్ భాగంలో తెలిసిన బిట్టుకు అర నిమిషం చాలు. మెయిన్‌లో ఇనార్గానిక్ చాలావరకు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోంచే వస్తుంది. లెక్కల మాస్టారిగా ఈ మాట ఒప్పుకోవడం నాకు సరదా ఏమీ కాదు గానీ, మేథ్స్‌కు టైమ్ మిగిల్చేది కెమిస్ట్రీయే.

ఇక 16 గంటలు. రోజులో అవి పోతే మిగిలేవి ఎనిమిది. నిద్ర, తిండి, స్నానం, ఇంటికి ఫోను అన్నీ అందులోనే. అంటే నిద్రకు కోత పడినట్టే. చదివింది మెదడులో స్థిరపడేది నిద్రలో. దాన్ని కోసేసి పుస్తకం ముందు కూర్చుంటే ఏం మిగులుతుందో మూడో పీరియడ్‌లో వెనక బెంచీలు చూస్తే తెలుస్తుంది.

అసలు గంటలు కొలిస్తే ఏం తెలుస్తుంది? నేను పిల్లల్ని వేరే ప్రశ్న అడుగుతాను: పోయిన ఆదివారం టెస్టులో ఏ మార్కులు ఎందుకు పోయాయి? చాలామంది “సిల్లీ మిస్టేక్స్ సార్” అంటారు. అక్కడితో ఆపనివ్వను. పేపరు పక్కన పెట్టుకుని పోయిన ప్రతి బిట్టుకూ మూడింట్లో ఒక కారణం రాయమంటాను: కాన్సెప్టు తెలియదు, తెలిసీ తప్పు చేశాను, టైమ్ చాలలేదు. ఆ మూడింటికీ మందు వేరు. కాన్సెప్టు తెలియకపోతే టెక్స్ట్‌బుక్‌కి వెళ్లాలి. తెలిసీ తప్పు చేస్తే రఫ్ వర్క్ చూడాలి. మైనస్ గుర్తు జారిపోవడం, యూనిట్లు మార్చకపోవడం, ‘కానిది ఏది’ అన్న ప్రశ్నను ‘ఏది’ అని చదవడం అన్నీ అక్కడే దొరుకుతాయి. టైమ్ చాలకపోతే ఏ లెక్క దగ్గర మొండికేసి కూర్చున్నాడో చూడాలి. మూడు గంటల టెస్టుకు ఇంకో మూడు గంటలు ఈ పనికి పెట్టినవాళ్లు నెలకు నాలుగు టెస్టులతోనే ముందుకెళ్తారు. రోజూ టెస్టు రాసి, మార్కులు మాత్రం చూసుకుని పడుకునేవాళ్లు అవే తప్పులు ఏప్రిల్ దాకా మోస్తారు. ఇంకొకటి, అడ్వాన్స్‌డ్ అంటే ఒకే రోజు మూడేసి గంటల పేపర్లు రెండు. మధ్యాహ్నం భోజనం చేసి మళ్లీ మూడు గంటలు బుర్ర పనిచేయాలి. దానికీ అలవాటు కావాలి. పాత పేపర్లు రెండూ ఒకే రోజు, అదే వేళల్లో రాయించేది అందుకే.

హాస్టల్ చెడ్డదని నేననను. గౌలిదొడ్డి సాంఘిక సంక్షేమ గురుకులం నుంచి ఐఐటీలకు వెళ్లిన పిల్లలు హాస్టల్లో ఉండి చదివినవాళ్లే. ఇంట్లో కూర్చుని చదువుకునే చోటే లేని పిల్లకు హాస్టల్ వరం. కానీ “హాస్టల్లో పెట్టకపోతే రాదు” అనడానికి మెసేజ్ చూపించే సాక్ష్యం పేపర్లో వచ్చే ర్యాంకుల ఫొటోలు. పెద్ద కాలేజీల్లో చేరగానే టెస్టు పెట్టి, పైనున్నవాళ్లను ఒక సెక్షన్‌లో వేసి, మంచి లెక్చరర్లను అక్కడికే పంపుతారు. ఫొటోలు ఆ సెక్షన్‌వి, ఫీజులు మిగతా సెక్షన్లవి. ఇది కొత్త పద్ధతేమీ కాదు. హైదరాబాద్ నల్లకుంటలో ఐఐటీ కోచింగ్ నడిపిన చుక్కా రామయ్య గారి దగ్గర చేరడానికే ఎంట్రన్స్ ఉండేది, ఆ ఎంట్రన్స్‌కి వేరే కోచింగులు పుట్టాయి. వడకట్టి తీసుకున్నాక వచ్చే ర్యాంకుల్లో కోచింగ్ వాటా ఎంత, పిల్లల వాటా ఎంత అన్నది ఫొటో చెప్పదు. అడ్మిషన్‌కి వెళ్లినప్పుడు మావాణ్ని ఏ సెక్షన్‌లో వేస్తారు, పోయినేడు ఆ సెక్షన్‌లో ఎంతమంది ఉంటే ఎంతమంది అడ్వాన్స్‌డ్ లిస్టులోకి వచ్చారు అని అడగండి. జవాబు రాకపోతే అదే జవాబు.

ఆరో తరగతి ముక్కకు ఎక్కువ చెప్పను. 16 ఏళ్లు నిండనివాళ్లను కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖే మార్గదర్శకాలు ఇచ్చింది. జేఈఈ సిలబస్ అంతా రెండేళ్ల ఇంటర్‌దే. ఇంటర్‌లో నా దగ్గరికి వచ్చే ఫౌండేషన్ పిల్లల్లో కొందరికి ఇంటిగ్రేషన్ ఫార్ములాలు వచ్చు, రెండు భిన్నాలు కూడమంటే మాత్రం తడబడతారు. పదో తరగతి లోపు భిన్నాలు, బీజగణితం గట్టిగా వస్తే నాకు అదే పదివేలు.

ఒక్క బిట్టూ వదలకూడదన్న మాటలో మాత్రం కాస్త లెక్క ఉంది. మెయిన్‌లో నాలుగు ఆప్షన్ల బిట్టుకు ఒప్పైతే 4, తప్పైతే మైనస్ 1. కళ్లు మూసుకుని పెట్టినా సగటున పావు మార్కు లాభమే. ఒక ఆప్షన్ తప్పని తేలితే లాభం ఇంకా పెరుగుతుంది. కానీ న్యూమరికల్ బిట్లలోనూ తప్పుకు మైనస్ 1 ఉంది, అక్కడ ఊహించి అంకె రాస్తే నష్టమే. అడ్వాన్స్‌డ్‌లో ఒకటికంటే ఎక్కువ ఆప్షన్లు ఒప్పయ్యే మల్టిపుల్ కరెక్ట్ బిట్లకు ఇటీవలి పేపర్లలో తప్పుకు మైనస్ 2. వాటిలో రెండు ఆప్షన్లు ఖాయంగా తెలిసి మూడోది అనుమానమైతే ఆ రెండే పెట్టి వదిలేయాలి. మూడోది నిజంగా ఒప్పే అయినా 2 మార్కులు వస్తాయి. “వదలకూడదు” అన్న పట్టుదలతో అనుమానంగా ఉన్నది కూడా పెడితే, అది తప్పైన రోజు వచ్చేవీ పోయి మైనస్ పడుతుంది.

మెసేజ్‌లో అసలు లేని ముక్క ఒకటుంది: సర్టిఫికెట్. ఓబీసీ ఎన్‌సీఎల్ (నాన్ క్రీమీలేయర్), ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) సర్టిఫికెట్లు ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నవే చెల్లుతాయి, అవీ కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో ఉండాలి. మన రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ పనికిరాదు. పైగా రాష్ట్రం బీసీగా గుర్తించిన కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండవు, ముందే చూసుకోవాలి. సరైన కాగితం లేకపోతే జనరల్‌గా లెక్కిస్తారు. ఇక సీట్లు పంచే కౌన్సెలింగ్‌లో ఎక్కువ కాలేజీ, బ్రాంచి ఆప్షన్లు పెడితే కిందది అంటగడతారన్న భయం వద్దు. పైనుంచి వరుసగా చూస్తూ వస్తారు, ఆప్షన్లకు పరిమితి లేదు. అమ్మాయిలకు 2018 నుంచి అదనపు సీట్లున్నాయి, వాటి క్లోజింగ్ ర్యాంకులు విడిగా ఇస్తారు. ఆ వరుస చూడకుండా “మనకు రాదులే” అనుకోవద్దు.

ఇదంతా కుదించి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాను. పదహారు గంటల గురించి, హాస్టల్ గురించి ఎవరూ ఏమీ అనలేదు. పది నిమిషాలకు రెండో అంతస్తు ఆయన ఒక్క లైను పంపారు: “సార్, ఆ ఓబీసీ సర్టిఫికెట్‌కి మీసేవలో ఎన్ని రోజులు పడుతుంది?”