ఎత్తు పెరిగితే నాన్న తగ్గును

భౌతికశాస్త్రం ఇంతవరకూ పట్టించుకోని ఒక సూత్రాన్ని ఈ వ్యాసం ద్వారా లోకం ముందు పెడుతున్నాను. సముద్ర మట్టం నుంచి పైకి వెళ్లేకొద్దీ తండ్రి అధికారం తగ్గుతూ పోతుంది. దీనికి కావలసిన రుజువులన్నీ మొన్న మే నెలలో, దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల మీద, పదహారు రోజుల పాటు, నా సొంత డబ్బు, సొంత పరువు ఖర్చు పెట్టి సేకరించాను.

ప్రయోగంలో పాల్గొన్నవారు నలుగురు: నేను, మా ఆవిడ, పదకొండేళ్ల అమ్మాయి, ఏడేళ్ల అబ్బాయి. మాది విజయవాడ. సముద్ర మట్టానికి 30 మీటర్ల ఎత్తయినా లేని ఊరు కనుక అక్కడ నా అధికారం సంపూర్ణంగా వెలిగేది. అబ్బాయి గ్లాసు పగలగొడితే నా చీవాట్లు గ్లాసు దగ్గర ఆగేవి కావు. మా నాన్నగారు బడికి నడిచిన ఏడు కిలోమీటర్లు, ఈ ఏటి స్కూలు ఫీజు, పక్కింటి కుర్రాడి మార్కులు, అన్నీ చుట్టబెట్టి మళ్లీ గ్లాసు దగ్గరికి వచ్చి ముగిసేవి. మధ్యలో ఊపిరి తీసుకోవలసిన అవసరమే వచ్చేది కాదు.

పెరూ రాజధాని లీమాలో దిగేదాకా కూడా ఇదే వైభవం. లీమా సముద్రం ఒడ్డునే ఉంది. వేసవి సెలవులకు స్వెట్టర్లు ఎందుకని అబ్బాయి అడిగితే, దక్షిణార్ధగోళంలో మే నెలకు చలికాలం తలుపు తడుతుందని, భూమి ఇరుసు వంపుతో సహా, ఒక నారింజకాయ చేతపట్టుకుని వివరించాను. ఆ యాత్రలో నేను పూర్తి చేసిన ఆఖరి వాక్యం అదేనని అప్పుడు తెలియదు.

తర్వాతి మజిలీ కొండల మీది కుస్కో నగరం. దాని ఎత్తు సుమారు 3,400 మీటర్లు. పిల్లలతో వచ్చేవాళ్లు విమానాశ్రయం నుంచి నేరుగా పక్కనున్న లోయలోకి, అంటే 2,800 మీటర్ల ప్రాంతానికి దిగిపోయి, ఒకటి రెండు రాత్రులు అక్కడ పడుకుని ఆ తర్వాత పైకి రావడం మంచిదని తెలిసినవాళ్లు చెప్పారు. నేను వినలేదు. తిరుమల కొండకు 3,550 మెట్లు ఎక్కి వెళ్లినవాణ్ణి. ఆ లెక్కన కుస్కో తిరుమల కన్నా 150 తక్కువే కదా అనుకున్నాను. మెట్టుకూ మీటరుకూ తేడా ఉందని అమ్మాయి అనబోతే, పెద్దలు మాట్లాడుతుంటే మధ్యలో రాకూడదని చెప్పాను.

ఇక్కడ కాస్త విజ్ఞానం అవసరం. ఎత్తుకు వెళితే గాలిలో ప్రాణవాయువు శాతం తగ్గదు. విజయవాడలోనూ కుస్కోలోనూ అది 21 శాతమే. తగ్గేది గాలి పీడనం. కుస్కోలో అది సముద్ర మట్టంలో ఉన్నదానికి సుమారు మూడింట రెండు వంతులు. నాన్న అధికారమూ అచ్చం ఇంతే. ఇంటి పెద్ద ఎవరని అడిగితే అప్పటికీ నేనే. శాతం మారలేదు, పీడనమే తగ్గింది.

హోటల్ గదిలో అడుగు పెట్టగానే అబ్బాయి మంచమెక్కి ఎగరడం మొదలుపెట్టాడు. "ఒరేయ్... మంచం... వాళ్లది..." అని, మిగతా వాక్యం దొరక్క అదే మంచం మీద కూలబడ్డాను. నేనూ ఎగరడానికే వచ్చాననుకుని వాడు పక్కకు జరిగి చోటిచ్చాడు.

ఈ అవస్థను అక్కడ సొరోచే అంటారు. పిల్లలకూ పెద్దలకూ ఒకేలా వస్తుందని వైద్యులు చెబుతారు. మా పిల్లలకూ మొదటి సాయంత్రం తలనొప్పి వచ్చింది, తెల్లారేసరికి పోయింది. నేను మాత్రం రెండు రోజులు దుప్పటి కప్పుకుని, హోటల్ వాళ్లు తెచ్చిచ్చే కోకా ఆకుల టీ తాగుతూ కిటికీలోంచి, ఒకప్పుడు ఆ కొండలను ఏలిన ఇన్కాల రాజధానిని చూశాను. ఆ రెండు రోజుల్లోనే అమ్మాయి ఒక నోటుపుస్తకం తెరిచింది. ఎడమవైపు ఊరి ఎత్తు, కుడివైపు ఆ ఎత్తులో నాన్న ఒక్క విడతలో తిట్టగలిగిన మాటల సంఖ్య. లీమా దగ్గర 'లెక్కపెట్టలేకపోయాను' అని ఉంది. కుస్కో దగ్గర, మూడు.

మూడో రోజు శాన్ పెద్రో మార్కెట్‌కు వెళ్లాం. ఆ దేశంలో బంగాళాదుంపను 'పాపా' అంటారు. దుంప పుట్టినిల్లు ఆ కొండలే. ఊదా, నలుపు, పసుపు, మెలికలు తిరిగినవి, బుడిపెలు వచ్చినవి రాశులుగా పోసి ఉన్నాయి. అదే మాటను చివర నొక్కి పలికితే నాన్న అని అర్థం. దుంపకూ తండ్రికీ మధ్య ఆ భాష ఉంచిన దూరం అంతే. ఈ సంగతి తెలియక, గుంపులో తప్పిపోయిన అమ్మాయిని "పాపా! పాపా!" అని కేకేశాను. దుంపలమ్మే ముగ్గురు ఆడవాళ్లు సంచులు విప్పారు. నాలుగో దుకాణంలోని అవ్వ మాత్రం నన్ను ఎగాదిగా చూసి, ఇంత వయసొచ్చినా సంతలో వాళ్ల నాన్న కోసం ఏడుస్తున్నాడనుకుందో ఏమో, కూర్చోమని స్టూలు జరిపింది. కూర్చున్నాను. ఇక ఊరి పైనున్న ఇన్కాల కోట సాక్సాయ్‌వామాన్. దాని రాళ్ల గురించి నాకు చాలా ఆశలుండేవి. సున్నం, మట్టి ఏదీ లేకుండా ఒకదానికొకటి అతికినట్టు పేర్చిన గోడలు, కొన్ని రాళ్లు వంద టన్నులకు పైగా ఉంటాయట. పిల్లలకు చెప్పడానికి రెండు నెలలు చదువుకున్నాను. తీరా వెళ్తే, ఆ గోడల ఎదురుగానే, నున్నగా గాడులు పడిన ఒక రాతిగుట్ట ఉంది. జారుడుబల్ల కన్నా బాగా జారుతుంది. మా వాళ్లు గంటన్నర జారారు. చరిత్రకు వీపు, గుట్టకు పిర్రలు చూపించి, రెండు ప్యాంట్లు చిరిగేదాకా జారారు.

సూత్రానికి బలమైన రుజువు ఇన్కాల పాడుబడ్డ కొండ నగరం మాచు పిచ్చులో దొరికింది. ఇన్కాల భాష కెచువాలో ఆ పేరుకు ముసలి శిఖరం అని అర్థమట, ఎవరిని ఉద్దేశించో తెలియదు. దాని ఎత్తు 2,430 మీటర్లే, అంటే కుస్కో నుంచి దాదాపు కిలోమీటరు కిందికి దిగుతాం. దిగేసరికి గొంతు తిరిగొచ్చింది. బండ అంచున పరుగెత్తుతున్న అబ్బాయిని ఆపి ఏకధాటిగా తిట్టాను. నోటుపుస్తకంలో నలభై ఒక్క మాటలు నమోదయ్యాయి. నలభై రెండో మాట దగ్గర పక్కన మేస్తున్న లామా నా మీద ఉమ్మింది. ఈ వార్త అబ్బాయి ఫోనులో మా అమ్మకు చేరవేశాడు. ఆవిడ కంగారుపడిపోయి, "లామా ఉమ్మేశాడా? అంత పెద్ద సన్యాసికి ఏమి పోయేకాలం రా? మీ నాన్న ఏమన్నాడు ఆయన్ని?" అని అడిగింది. అది మెడ పొడుగు జంతువని ఇప్పటికీ నమ్మడం లేదు.

అక్కడి నుంచి తితికాకా సరస్సు వైపు బస్సు ప్రయాణం. దారిలో లా రాయా కనుమ 4,300 మీటర్లు దాటుతుంది. అక్కడ ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయ పొట్లం పూరీలా పొంగింది. లోపలి గాలి విజయవాడది, బయటి గాలి ఆండీస్‌ది. దాన్ని గుచ్చవద్దని అబ్బాయికి చెప్పడానికి నోరు తెరిచాను. "వ..." అనేలోపు గుచ్చాడు. నా చొక్కాకు లామా వదిలేసిన భాగం ఆవకాయతో నిండింది. సరస్సు ఒడ్డున, 3,800 మీటర్ల ఎత్తులో, మూకుడులో అన్నం వండబోయాం. నీళ్లు 90 డిగ్రీల లోపే మరిగిపోతాయి. పైన ఎంత కుతకుతలాడినా లోపల గింజ పలుకుగానే ఉంటుంది. నా కోపం కూడా ఆ నాలుగు రోజులూ అలాగే ఉడికింది.

విమర్శకులు ఒక ప్రశ్న వేయవచ్చు: మరి తల్లి అధికారం? నిజాయితీగా ఒప్పుకుంటున్నాను, నా సూత్రం అక్కడ పనిచేయలేదు. మా ఆవిడ విజయవాడలోనూ పెద్దగా మాట్లాడదు, కళ్లురిమి చూస్తుంది. కళ్లురమడానికి ప్రాణవాయువు అక్కర్లేదు. బొలీవియాలోని ఎల్ ఆల్తో, 4,000 మీటర్లు దాటిన నగరం, అక్కడ నా నోట ఒక్క అక్షరం రాని చోట, ఆవిడ ఒక్క చూపుతో ఇద్దరినీ కేబుల్ కారులో కూర్చోబెట్టింది. కింద లా పాస్ నగరం గిన్నె అడుగున పోసిన ఇటుకల్లా ఉంది. నేను మూడో సీటులో, చెప్పకముందే కూర్చున్నాను.

అక్కడే తెలిసింది ఇంకో సంగతి. ఇన్కాల నాటివని చెప్పుకునే మూడు ఆజ్ఞలున్నాయి: అమా సువా, అమా ల్యుల్యా, అమా ఖెల్యా. దొంగతనం వద్దు, అబద్ధం వద్దు, సోమరితనం వద్దు. 2009లో వచ్చిన బొలీవియా రాజ్యాంగంలో కూడా వీటిని రాసుకున్నారు. మొత్తం ఆరు మాటలు. ఆ ఎత్తున కాపురం చేసినవాళ్లకు ఏడో మాట దొరికి ఉండదని నా నిశ్చితాభిప్రాయం. పైగా మూడూ 'అమా' అనే మొదలవుతాయి. నాన్న పేరుతో మొదలయ్యే ఆజ్ఞ ఒక్కటీ లేదు.

కనుక ప్రభుత్వాలకు నా విన్నపం. కొండ ఊళ్ల పొలిమేర బోర్డుల మీద ఎత్తుతో పాటు మిగిలిన తండ్రి అధికారాన్ని కూడా రాయాలి. 3,000 మీటర్లు దాటే టిక్కెట్లు తండ్రులకు సగం ధరకు ఇవ్వాలి, వెళ్లేది సగం మనిషే కనుక.

తిరుగు ప్రయాణంలో లీమా విమానాశ్రయంలో దిగాం. గుండెల నిండా సముద్రపు గాలి పీల్చాను. పదహారు రోజుల బకాయిలు, మంచం, ప్యాంట్లు, ఆవకాయతో సహా, వరుసగా తీర్చడం మొదలుపెట్టాను. పిల్లలిద్దరూ బుద్ధిగా నిలబడి చివరిదాకా విన్నారు. నాకే ఆశ్చర్యం వేసింది. ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు అమ్మాయి నోటుపుస్తకం తెరిచి ఉంది. చివరి పేజీలో, వచ్చే వేసవి అనే శీర్షిక కింద, రెండే ముక్కలు రాసుకున్నారు: లేహ్, 3,500 మీటర్లు. విమానం నేరుగా దిగుతుంది.