క్లైవ్ బాబు చిలిపి చేష్టలు

ఇంగ్లండ్‌లో ష్రాప్‌షైర్ కౌంటీలో మార్కెట్ డ్రేటన్ అని ఒక చిన్న సంత ఊరుంది. 1245లో మూడో హెన్రీ రాజు చార్టర్ ఇచ్చిన బుధవారం సంత ఇప్పటికీ జరుగుతోంది, 1651లో ఊళ్ళో ఎక్కువ భాగం తగలబడినా మళ్ళీ కట్టుకున్నారు, గొప్పే, కాదనను. నా గొడవంతా ఆ ఊరి ముద్దుబిడ్డ కథ చెప్పే తీరు మీదే. ముద్దుబిడ్డంటే మన దేశంలో ఈస్టిండియా కంపెనీ పెత్తనానికి పునాది వేసిన రాబర్ట్ క్లైవ్, 1725లో ఊరి పక్కన స్టైచ్ హాల్లో పుట్టాడు.

ఈ బాబు చిన్నప్పుడు చర్చి టవర్ ఎక్కేసి బయటికి పొడుచుకొచ్చిన రాతి బొమ్మ మీద కూర్చున్నాడట. సరే, పిల్లకాయ. తర్వాత తనలాంటి కుర్రాళ్ళని పోగేసుకుని షాపులోళ్ళ దగ్గర యాపిల్ పళ్ళూ అర పెన్నీలూ వసూలు చేశాడట, ఇచ్చినోడి కిటికీ అద్దాలు సేఫ్, ఇవ్వనోడి సంగతి వాడి ఖర్మ. ఇదే పని మన దగ్గర ఎవడైనా చేస్తే స్టేషన్లో రౌడీషీట్ తెరుస్తారు, అక్కడ మాత్రం ముసిముసి నవ్వులతో చెప్పుకునే హెరిటేజ్.

అన్నిట్లోకి నాకు బాగా నచ్చింది మురిక్కాలవ ఎపిసోడ్. ఒక షాపాయన డబ్బులివ్వనన్నాడని ఆయన షాపు ముంచేద్దామని కాలవకి మట్టి గడ్డలు అడ్డం వేశారట, అది కాస్తా తెగిపోయే సరికి బాబు తనే వెళ్ళి కాలవలో అడ్డంగా పడుకున్నాడట. ఇంగ్లీషు దొర, నీళ్ళకి అడ్డం అనగానే మనకి ధవళేశ్వరం గుర్తొస్తుంది కదా, ఆ కాటన్ దొర ఎస్టిమేట్లు రాసి పైవాళ్ళని బతిమాలుకుని ఆనకట్ట కట్టాల్సొచ్చింది పాపం, ఈ దొరకి ఆ బాధే లేదు, ఆనకట్టా తనే, చీఫ్ ఇంజనీరూ తనే, కాంట్రాక్టరూ తనే. సున్నపు పని లేదు, టెండర్ లేదు, ఆయకట్టు ఒకే ఒక్క షాపు. ముక్కులోకి బురద పోతున్నా కదలకుండా పడుకున్నాడంటే ఎంత కమిట్‌మెంట్! ఆ షాపాయన సరుకు ఏమైందో మాత్రం ఎవడూ చెప్పడు, ఆయనకి విగ్రహం లేదుగా. క్లైవ్‌కి పక్కనే ష్రూస్‌బరీ నడిబజార్లో ఉంది, 1860 నుంచీ.

ఇంక జింజర్‌బ్రెడ్. ఊరి బోర్డు మీదే జింజర్‌బ్రెడ్ మా సొంతం అన్నట్టు రాసుకుంటారు, పోర్ట్ వైన్‌లో ముంచుకు తింటారు, తిననీ. కానీ ఆ అల్లం రుచి ఇండియా నుంచి క్లైవ్ మోసుకొచ్చాడని ఒక ముక్క తగిలిస్తారు చూడండి, అక్కడ కాలుద్ది. క్లైవ్ పుట్టడానికి కొన్ని వందల ఏళ్ళ ముందు నుంచే ఇంగ్లండ్ వాళ్ళు అల్లం తింటున్నార్రా నాయనా, దానికి ఇండియా మీద పడక్కర్లేదు, వర్తకులకి డబ్బులిస్తే చాలు.

వాడు మోసుకెళ్ళిందేంటో మనకి తెలుసు. 1757లో బెంగాల్ నవాబుని ఓడించిన ప్లాసీ యుద్ధం అయ్యాక సొంత జేబులోకే 2,34,000 పౌండ్లు, పైన జాగీరు. మన వైపుకీ వాడి చెయ్యి వచ్చింది, విజయనగరం రాజు పిలిచాడని 1758లో కల్నల్ ఫోర్డ్‌ని పంపితే పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు, మరుసటేడు మచిలీపట్నం కోట పోయింది, 1765లో ఢిల్లీ పాదుషా దగ్గర ఉత్తర సర్కారులకి, అంటే మన కోస్తా జిల్లాలకి, ఫర్మానా రాయించుకున్నాడు. అదే ఫర్మానాల సీజన్‌లో బెంగాల్ పన్నుల వసూలూ చేతికొచ్చింది. మళ్ళీ వసూలే, ఈసారి యాపిల్ పళ్ళు కాదు. 1770లో అక్కడ కరువొస్తే కోటి మంది దాకా చచ్చిపోయారని అంచనా, మనుషులు తిండిలేక రాలిపోతుంటే కంపెనీ పన్ను వసూలు ఆపలేదు, సిగ్గులేని వెధవలు, ఇది చిలిపితనం కాదు, ఏ బిస్కెట్ ప్యాకెట్ మీదా దీన్ని రంగు బొమ్మ వేసి అమ్మలేరు.

1773లో పార్లమెంటులో పంచాయితీ పెట్టారు. ఇంత తక్కువ తీసుకున్నందుకు నా నిగ్రహం చూస్తే నాకే ఆశ్చర్యంగా ఉంది అన్న పెద్దమనిషి వీడేగా. సభ వాళ్ళు ఆ 2,34,000 తీసుకున్నాడు నిజమే అన్నారు, దేశానికి గొప్ప సేవ చేశాడని కూడా అన్నారు, అని ఇళ్ళకెళ్ళిపోయారు. ఒక్క పౌండు వెనక్కి కట్టమనలేదు.