పన్నెండేళ్ల పిల్లలకు కప్పులెందుకు?

2023 అక్టోబరులో ముంబయిలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2028 లాస్ ఏంజెలెస్ క్రీడలకు టీ20 క్రికెట్‌ను చేర్చింది. మనం ఆ ఒక్క వార్తే చదివి పేపరు మడిచేశాం. అదే జాబితాలో లాక్రోస్ కూడా ఉంది. చివర వల బిగించిన కర్రతో రబ్బరు బంతిని పట్టి, మోసుకెళ్లి, గోల్‌లోకి విసిరే ఈ ఆట ఉత్తర అమెరికా ఆదివాసీలది. ఒలింపిక్ ముద్ర పడిన ఆట కాబట్టి ఇవాళో రేపో శ్రీకాకుళం, విజయనగరం బడులకూ కర్రలు వస్తాయి. వాటిని పిల్లల చేతికి ఎలా ఇస్తామన్నదే నా బెంగ.

మన పద్ధతి తెలిసిందే. మొదటి వారంలోనే పొడుగ్గా, బలంగా ఉన్నవాళ్లను ఏరి టీం కట్టేస్తాం. మిగతా పిల్లలు గ్రౌండ్ బయట బంతులు అందిస్తుంటారు. పన్నెండేళ్లకు పొడుగ్గా ఉన్నవాడు చాలాసార్లు ముందుగా ఎదిగినవాడే. అండర్-14లో వయసు లెక్కకు పెట్టిన కటాఫ్ తేదీ దాటగానే పుట్టిన పిల్లకూ, ఏడాది చివర పుట్టిన పిల్లకూ మధ్య దాదాపు ఏడాది ఎదుగుదల తేడా ఉంటుంది. ఆ తేడాకే టాలెంట్ అని పేరు పెట్టి సెలక్షన్ ముగిస్తాం.

క్రమశిక్షణ లేకుండా పతకాలు వస్తాయా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి మన ఆమదాలవలస పక్క పిల్లే. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరు. అదే కదలికను వేలసార్లు చేయించే శిక్షణే వాళ్లను నిలబెట్టింది. కానీ బార్‌బెల్ ఎవరి చేతిలోంచీ బంతి లాక్కోదు, పక్కకు తప్పుకోదు.

లాక్రోస్‌లో అన్నీ కదులుతాయి. అందులోనూ ఒలింపిక్స్‌లో ఆడేది ‘సిక్సెస్’: గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు, ఎనిమిది నిమిషాల క్వార్టర్లు నాలుగు, బంతి చిక్కాక షాట్ కొట్టడానికి 30 సెకన్లే. ఇప్పుడు దాడి చేసినవాడే మరుక్షణం వెనక్కి పరిగెత్తి అడ్డుకోవాలి. ఇలాంటి ఆటలో పదేళ్ల పిల్లను ‘నువ్వు డిఫెన్సే’ అని ఒక మూల నిలబెట్టడం ఏం కోచింగ్? ఇరవై మందిని వరసలో నిలబెట్టి ఒక్కొక్కరితో ఒక పాస్ వేయిస్తే గంటలో బంతి తాకేది ఎన్నిసార్లు? అదే ముగ్గురికి ముగ్గురు చొప్పున చిన్న చిన్న గళ్లలో ఆడనివ్వండి. ప్రతి నిమిషం బంతి కావాలి, ఖాళీ చూడాలి, ఎవరికివ్వాలో తేల్చుకోవాలి. కోచ్ అంచున నిలబడి ‘పాస్, పాస్’ అని అరిస్తే ఆ తేల్చుకునే పని వాళ్లనుంచి లాగేసుకున్నట్టే. ఈల జేబులో పెట్టుకోవడం మన పీఈటీ సార్లకు చాలా కష్టమని తెలుసు, పాపం!

కర్ర పట్టు సంగతికి గోడ చాలు. బడి ప్రహరీకి బంతి కొట్టి పట్టడం, కుడిచేత్తో ఎంతసేపో ఎడమచేత్తో అంతసేపు. అసలు బంతి గట్టిది, చిన్నపిల్లలకు మెత్తనిది ఇవ్వాలి.

ఇంతకీ ఈ తొందరంతా ఎక్కడిది? సర్టిఫికెట్ నుంచి. స్పోర్ట్స్ కోటా కోసం ఆడించే తల్లిదండ్రులకు ఈ ఏడాదే జిల్లా టీంలో పేరు కావాలి, స్కూలుకు ఫ్లెక్సీ మీద ఫొటో కావాలి. ఇంకోపక్క ఆట ఊసే లేని బడులు. అపార్టుమెంటు లాంటి భవనాల్లో ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ మొదలవుతుంది, గేమ్స్ పీరియడ్ లెక్కల మాస్టారి ఖాతాలోకి పోతుంది. మైదానం లేని బడికి గుర్తింపు ఎలా కొనసాగుతోందని అడిగే అధికారి నాకు ఇంతవరకూ తగల్లేదు.

కాబట్టి లాక్రోస్ కర్రలు పంచే ముందు రెండు జిల్లాల క్రీడాధికారులు ఒక ఉత్తర్వు ఇస్తే చాలు: పన్నెండేళ్లలోపు పోటీల్లో కప్పు ఉండదు, ర్యాంకు ఉండదు, వచ్చిన ప్రతి పిల్లా సగం ఆటైనా ఆడాలి, గోల్‌కీపర్‌గానూ వంతు వేసుకోవాలి. కప్పు లేదని ఏ స్కూలైనా టీంను పంపకపోతే ఆ స్కూలు పేరు నోటీసు బోర్డులో పెట్టండి.