దేవమాలిపై ‘వెయ్యి రూపాయల క్యాంపు’: ఒక వాట్సాప్ సందేశానికి ఖండన

చలికాలం దగ్గరపడేసరికి ఒడిశాలోని జయపురం, కోరాపుట్, రాయగడలలోని తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చేతులు మారుతోంది. వెయ్యి రూపాయల సామానుతో కోరాపుట్ జిల్లాలోని దేవమాలి కొండపై రెండు రాత్రులు హాయిగా గడపవచ్చని, మాంసం అడవిలోనే దొరుకుతుందని, కింద పరిచే చాపలూ దోమల మందులూ దండగ ఖర్చని దాని సారాంశం. తక్కువ ఖర్చుతో కొండ మీద రాత్రి గడపవచ్చన్న మాటతో నాకు పేచీ లేదు. ఆంధ్ర వైపు నుంచి సాలూరు ఘాటు ఎక్కి వచ్చే కుర్రవాళ్లందరూ ఖరీదైన టెంట్లు కొనాలని నేను అనను. కానీ ఈ సందేశం ఎక్కడెక్కడ ఖర్చు మానుకోమంటోందో అవన్నీ మానుకోకూడని చోట్లే.

ముందుగా వేట సంగతి. ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కరలేదు కాబట్టి కుందేలును కొట్టవచ్చనీ, తీగతో ఉచ్చు పన్నితే అడవిపంది పడుతుందనీ, ఇక్కడి ఆదివాసుల పండుగ చైత్ర పర్వంలో ఊరూరా వేటాడతారు కాబట్టి ఎవరూ అడగరనీ అందులో రాశారు. కొన్ని రకాల ఎయిర్‌గన్‌లకు లైసెన్సు అక్కరలేకపోవచ్చు గానీ, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చేతిలో ఏ ఆయుధం ఉందని చూడదు. చంపడం ఒక్కటే కాదు, పట్టుకోవడం, ఉచ్చు పన్నడం, ఎర వేయడం, చివరికి వాటికి ప్రయత్నించడం కూడా ఆ చట్టం ప్రకారం వేటే. 2022లో సవరించి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు చేస్తున్న రూపంలో కుందేలూ అడవిపందీ రెండో షెడ్యూలులో, అంటే చట్టం రక్షణ ఇచ్చే జంతువుల రెండో జాబితాలో ఉన్నాయి. వాటిని వేటాడితే మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పైగా పంది కోసం పన్నిన తీగలో చిరుత కూడా చిక్కుకోవచ్చు. చిరుత మొదటి షెడ్యూలు జంతువు, దాని విషయంలో శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా ఉంటుంది. నేరానికి వాడిన బండిని కూడా స్వాధీనం చేసుకుంటారు. పంటలు పాడుచేసే పందులను చంపడానికి అధికారులు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చే వీలు చట్టంలో ఉన్న మాట నిజమే. అది విహారానికి వచ్చినవారికి వర్తించేది కాదు.

ఇందులోకి చైత్ర పర్వాన్ని లాగడం నాకు చాలా బాధ కలిగించింది. ఇక్కడి ఆదివాసులకు ఆ వేట కాలక్షేపం కాదు, పండుగ ఆచారం. అయినా 2006 అటవీ హక్కుల చట్టం వారి సంప్రదాయ హక్కులను గుర్తిస్తూనే, సెక్షన్ 3(1)లో వేట హక్కును మాత్రం స్పష్టంగా మినహాయించింది. అడవిని నమ్ముకుని తరతరాలుగా బతుకుతున్నవారికే చట్టం ఇవ్వని హక్కు, శని ఆదివారాలకు వచ్చిపోయే మనకు ఎక్కడి నుంచి వస్తుంది? కూర కావాలనుకుంటే దగ్గర్లోని ఊరు సిమిలిగుడలోనే గుడ్లు, ఎండుచేపలు, పప్పు కొనుక్కుని ఎక్కవచ్చు. అవి త్వరగా చెడిపోవు, బరువూ తక్కువ.

రెండోది పడక. పైన రెండు దుప్పట్లు కప్పుకుంటే చాలు, కిందికి ఏమీ అక్కరలేదని సందేశం చెబుతోంది. దేవమాలి ఎత్తు 1,672 మీటర్లు, ఒడిశాలో అంతకన్నా ఎత్తైన శిఖరం లేదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఆ చుట్టుపక్కల ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే. పడుకున్నవారి ఒంటి వేడిని నేల నేరుగా లాగేస్తుంది. ఒంటి బరువుకు కింద ఉన్న దుప్పటి అణిగిపోయి, వేడిని పట్టి ఉంచే గాలి అందులో మిగలదు, కాబట్టి పైన ఎన్ని కప్పుకున్నా వీపు చల్లబడుతూనే ఉంటుంది. చేతిలో ఉన్న డబ్బు కొంచెమే అయితే ముందుగా ఫోమ్ చాప కొనండి, టెంటు అద్దెకు తెచ్చుకోండి. చాప కూడా కొనలేకపోతే కింది ఊళ్లో వరిగడ్డి అడిగి తీసుకుని, మందంగా పరచి, దానిపై గోనెసంచులు, ఆపైన టార్పాలిన్ వేసుకోండి. మంటను మాత్రం దాని దరిదాపులకు రానీయకండి. టెంటు కింద వేసే పట్టా అంచులు టెంటు బయటికి రాకూడదు, వస్తే పైనుంచి జారిన వాన నీరు, మంచు నీరు దానిమీద పడి టెంటు అడుక్కి చేరుతుంది. స్లీపింగ్ బ్యాగు కొనేవారు దానిపై పెద్ద అక్షరాలతో వేసిన అంకెను నమ్మవద్దు. కొన్నిటిపై ముద్రించేది ప్రాణం నిలిచే కనిష్ఠ ఉష్ణోగ్రత. సుఖంగా నిద్రపట్టే ఉష్ణోగ్రతను ‘కంఫర్ట్’ అని వేరుగా రాస్తారు, చూసుకోవలసింది అదే. ఒంటిమీది నూలు బట్టలు చెమటకు తడిస్తే త్వరగా ఆరవు, కాబట్టి పడుకునేటప్పుడు వేసుకోవడానికి ఒక పొడి జత, ఉన్ని మేజోళ్లు సంచిలో విడిగా దాచుకోవాలి.

చలి ఎక్కువైతే మద్యం తాగమనీ, టెంటులో బొగ్గుల కుంపటి పెట్టుకోమనీ కూడా ఆ సందేశంలో ఉంది. మద్యం చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. ఒళ్లు వెచ్చబడినట్లు అనిపిస్తుందే గానీ లోపలి వేడి బయటికి పోతుంది. కుంపటి సలహా అంతకన్నా ఘోరం. మూసిన టెంటులో బొగ్గు నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. నిద్రపోతున్నవారు లేవకుండానే ప్రాణాలు పోతాయి. స్టవ్ అయినా, బొగ్గు అయినా టెంటు బయటే ఉండాలి. వేడినీళ్లు నింపి మూత బిగించిన స్టీలు సీసాకు గుడ్డ చుట్టి పడకలో పెట్టుకుంటే ఏ ప్రమాదమూ లేకుండా వెచ్చగా ఉంటుంది.

కొండవాగు నీరు స్వచ్ఛమన్నది మరో మాట. ఎగువన పశువులు మేస్తాయి, మనుషులు తిరుగుతారు. నీరు తేటగా కనిపించినంత మాత్రాన క్రిములు లేవని కాదు. గుడ్డతో వడకట్టి, తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం మరిగిస్తే చాలు. రెండు వేల మీటర్లు దాటితే మూడు నిమిషాలు మరిగించమంటారు, దేవమాలి అంత ఎత్తు లేదు.

టెంటు చుట్టూ ఉప్పు, వెల్లుల్లి చల్లితే పాములు రావన్నది నిరాధారం. రాత్రిపూట నేలమీద పడుకున్నవారిని కాటేసే కట్లపాము విషయంలో ఈ ధీమా ప్రాణాంతకం. దాని కాటు నొప్పి పుట్టించకపోవచ్చు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, ఆ తర్వాత కనురెప్పలు వాలడం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. జిప్పు ఎప్పుడూ మూసి ఉంచడం, బూట్లు దులిపి తొడుక్కోవడం, టార్చి లేకుండా బయటికి అడుగు పెట్టకపోవడం, ఇవే రక్షణ. కాటు పడితే కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడు బిగించి కట్టకూడదు. కాలు గానీ చేయి గానీ కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. కోరాపుట్‌లో శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

చివరిది, చలిలో దోమలుండవన్న మాట. క్యాంపు వేసేవారిలో చాలామంది సాయంత్రాలు గడిపేది శిఖరంపై కాదు, దిగువ వాగుల పక్కన. కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి జిల్లాలు చాలాకాలంగా ప్రమాదకరమైన రకమైన ఫాల్సిపరం మలేరియాకు పేరుపడ్డవి. మారుమూల పల్లెల్లో దాన్ని అరికట్టడానికే ఒడిశా ప్రభుత్వం 2017లో ‘దమన్’ కార్యక్రమం మొదలుపెట్టింది. దోమతెర, పొడుగు చేతుల చొక్కా, దోమల మందు కలిసినా పెద్ద ఖర్చు కాదు. కుట్టిన వారం పది రోజులకు గానీ, ఇంకా ఆలస్యంగా గానీ జ్వరం రావచ్చు. అప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలు మింగి ఊరుకోక, కోరాపుట్ అడవి పక్కన పడుకున్న సంగతి డాక్టరుకు చెప్పి అదే రోజు రక్తపరీక్ష చేయించుకోవాలి.