జనరేటరు అల్లుడుగారికి పర్లాకిమిడి నుంచి ఒక మనవి

శ్రీ జనరేటరు గారికి,
నాక్స్ కౌంటీ, కెంటకీ.

అయ్యా,

తమరి కెంటకీలో నడిచే ప్రాజెక్ట్ జాంబాయిడ్ అనే వీడియో గేమ్‌లో మనిషిని చంపేవి జాంబీలేనని, అంటే లేచి తిరిగే శవాలేనని లోకం అనుకుంటోంది. అనుకోనివ్వండి. జాంబీ గీరితే రోగం అంటుకునే అవకాశం 7 శాతం, చర్మం చీరితే 25, కొరికితే 100. తన లెక్క దాచుకోని శత్రువది. తమరి లెక్కే మాకు తెగట్లేదు.

ఆట 1993 జులై 9న మొదలవుతుంది. మామూలు సెట్టింగుల్లో కరెంటూ కుళాయి నీళ్ళూ 0 నుంచి 30 రోజుల్లోపు ఎప్పుడో పోతాయి, ఏ రోజో చెప్పరు. మా ఒడిశా గజపతి జిల్లా వాళ్ళకి ఇదేం కొత్త కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చిపోయాక కరెంటు లేకుండా రోజులు గడిపినవాళ్ళమే. అలాంటి మేమూ ఆటలో దీపం ఆరగానే తమరి కోసం వీధుల్లో పడుతున్నాం. దేనికీ అంటే, ఫ్రిజ్‌లో కోడిమాంసం కుళ్ళిపోతుందని!

కొత్తల్లుణ్ణి తీసుకురావడం తమరిని తీసుకురావడం కన్నా సులువు. ఆట లెక్కలో తమరి బరువు 40. సంచిలో పట్టరు, రెండు చేతులా ఎత్తుకోవాలి, అంటే చేతిలో ఆయుధం ఉండదు. అందుకే తమరు దొరికిన షెడ్డు గుమ్మం దాకా కారు వెనక్కి తెచ్చి, డిక్కీ ముందే ఖాళీ చేసి పెట్టుకోవాలి. నాలుగిళ్ళవతల ఆపి మోసుకొద్దామనుకున్నవాడి కథ దారిలోనే ముగుస్తుంది.

తెచ్చాక చదువు. తమరి గురించి రాసిన పత్రిక చదివితే తప్ప ఇంటికి కనెక్షన్ ఇవ్వడం రాదట. ఎలక్ట్రీషియన్ వృత్తి ఎంచుకున్నవాడికి మినహాయింపు. మా ఊళ్ళో టెంటుహౌసు కుర్రాడు ఏ పత్రికా చదవకుండానే ఒక్క లాగు లాగి స్టార్టు చేస్తాడు. సరే, అత్తింటి మర్యాదలు తప్పవు కదా. పుస్తకాల షాపులూ, బీరువాలూ, పోస్టు డబ్బాలూ మొదటి వారంలోనే గాలించాలి. కరెంటు పోయాక వెతకడం మొదలెడితే ఫ్రిజ్ మన కోసం ఆగదు.

కూర్చోబెట్టే చోటు సంగతి. ఇంట్లో ఆన్ చేస్తే పొగకి నిద్రలోనే ప్రాణం పోతుంది; ఇదొక్కటి మాత్రం ఆటకే కాదు, నిజానికీ వర్తిస్తుంది. బయట పెట్టాలి, 20 గళ్ళ దూరంలోపు (ఆటలో నేలంతా గళ్ళే). పెడితే తమరి గురక వీధంతా వినిపిస్తుంది, విన్నవాళ్ళు భోజనానికి వస్తారు. చుట్టూ కంచె కట్టినా చప్పుడు ఆగదు.

ఇక పెట్రోలు. కరెంటు పోయాక బంకులో పంపు పనిచెయ్యదు. పనిచెయ్యాలంటే దాని పక్కన మరో జనరేటరు ఆడాలి. అంటే ఇంటికో అల్లుడు, బంకుకో అల్లుడు! ఆ రెండోవారికీ ముందు పెట్రోలు పొయ్యాలి. కాబట్టి కరెంటు ఉండగానే దొరికిన ప్రతి డబ్బా నింపేసుకోవడం ఉత్తమం. మరిచిపోతే ఖాళీ డబ్బా పట్టుకుని రోడ్డు మీద కార్ల ట్యాంకులు ఒక్కొక్కటీ తోడుకోవాలి.

పెట్రోలు తాగినంతసేపూ తమరి ఒళ్ళు అరుగుతూనే ఉంటుంది. బాగా అరిగితే నిప్పంటుకుంటుంది. ఆపి, ఎలక్ట్రానిక్ తుక్కుతో రిపేరు చెయ్యాలి. ఆ తుక్కు కోసం స్క్రూడ్రైవరు పట్టుకుని రేడియోలూ డిజిటల్ చేతి గడియారాలూ విప్పాలి. నాక్స్ కౌంటీలో టైము చెప్పే వస్తువు మిగలకుండా చేసిన ఘనత తమరిదే.

తమరిని వదిలించుకుందామని ఫ్రిజ్ లేకుండానే నిలవుండే పచ్చళ్ళ వైపు చూశాం. సీసా, మూత, నీళ్ళు, వెనిగరు, పంచదార. కారం లేదు, ఆవపిండి లేదు, నూనె చుక్క లేదు. దాన్ని పచ్చడి అనడానికి మహేంద్రతనయ ఏటికి ఇవతల వాళ్ళూ ఒప్పుకోరు, అవతల పాతపట్నం వాళ్ళూ ఒప్పుకోరు. అందుకే మళ్ళీ తమరి గుమ్మానికే వచ్చాం.

షరతులు మాత్రం ఉన్నాయి. ఇంటికి ఒకే ఫ్రీజరు. తమరి వివరాల పట్టీలో ఏది ఎంత తాగుతోందో చూసి మిగతా ఫ్రిజ్‌లూ టీవీలూ 20 గళ్ళ అవతలికి మోసేస్తాం. గదుల్లో లైట్లన్నీ ఆర్పేస్తాం. మాంసం అయిపోయిన రోజున తమరి గొంతు కూడా నొక్కేస్తాం, అలిగినా సరే.

ఇట్లు,
మీ పెట్రోలు ఖర్చు భరిస్తున్న
పర్లాకిమిడి ఆటగాళ్ళు