లాగు కత్తిరించు విధానం బెట్టిదనిన

మొన్న శుక్రవారం రాత్రి పదిన్నరకి మా సర్వర్‌లో డిస్క్ నిండిపోయింది. నిండటం తప్పేమీ కాదు. బెంగళూరులో నిండనిది ఏముంది? బెళ్ళందూరు చెరువు నురగతో నిండింది, ఔటర్ రింగ్ రోడ్డు కార్లతో నిండింది, మారతహళ్ళి మనవాళ్ళతో నిండింది. నాకు ఒళ్ళు మండింది డిస్క్ నిండినందుకు కాదు. ఆ సంగతి తెలిసిన మరుక్షణం మేనేజర్ గారు కాల్‌లో అన్న మాటకి: "ఏముందీ, లాగ్స్ డిలీట్ చేసేస్తే పోలా?"

ఈ "పోలా" వెనక ఎంత విజ్ఞానం ఉందో మీకూ తెలుసు. మీ ఆఫీసులోనూ ఒకరు ఉండే ఉంటారు.

ముందుగా శాస్త్రం. ఇంగ్లీషులో లాగ్ అంటే దుంగ. పూర్వం ఓడ ఎంత వేగంగా పోతోందో చూడటానికి తాడు కట్టిన చెక్కముక్కని సముద్రంలోకి విసిరి, వచ్చిన లెక్కని పుస్తకంలో రాసుకునేవాళ్ళు. చెక్క పోయింది, పేరు పుస్తకానికి మిగిలింది. ఆ పేరే, కంప్యూటర్ తను చేసిన ప్రతి పనినీ రాసుకునే ఫైల్ దాకా వచ్చి, మన నోట్లో పడి లాగు అయింది. అంటే మోకాళ్ళ దాకా వచ్చే నిక్కరు. నా దృష్టిలో ఇదే సరైన అనువాదం. తేడా ఒక్కటే. ఇళ్ళల్లో పిల్లవాడు పెరుగుతాడు, లాగు పొట్టి అవుతుంది. సర్వర్‌లో పిల్లవాడు అంతే ఉంటాడు, లాగు పెరుగుతుంది.

ఎందుకు పెరుగుతుందంటే, మూడు నెలల క్రితం పేమెంట్లలో ఏదో తేడా వచ్చినప్పుడు "ఒక్క రోజుకి" డీబగ్ ఆన్ చేశారు. సిస్‌లాగ్ అనే లాగు రాసే పద్ధతిలో సందేశాలకి ఎనిమిది మెట్లుంటాయి. సున్నా అంటే కొంప మునిగిందని, ఏడు అంటే డీబగ్, అంటే ఊసుపోక చెప్పే కబుర్లని. మాది ఏడో మెట్టు మీదే ఉండిపోయింది. 2017లో మొదలుపెట్టిన ఈజీపుర ఫ్లైఓవర్‌కి ఎన్ని గడువులు మారాయో, మా "ఒక్క రోజు"కీ అన్నే మారాయి. సర్వర్లకి పని పంచే లోడ్ బ్యాలెన్సర్ సెకనుకోసారి "బతికే ఉన్నావా?" అని అడుగుతుంది. "ఉన్నాను" అని సర్వర్ చెబుతుంది. రోజుకి 86,400 సార్లు, ప్రతిసారీ రాతపూర్వకంగా. కన్నతల్లి కూడా ఫోన్ చేసి రెండుసార్లే అడుగుతుంది. మధ్యమధ్యలో "హియర్", "హియర్ టూ", "హియర్ ఫైనల్", "హియర్ ఫైనల్ న్యూ" అని, ప్రోగ్రామ్ ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవడానికి ఎవరో రాసిన వాక్యాలు. రాసినవాడు ఎప్పుడో ఉద్యోగం మానేశాడు. వాక్యాలు మాత్రం ఇంకా హియరే.

ఇక శుక్రవారం రాత్రి. ఆన్‌కాల్ డ్యూటీలో ఉన్నది కడప కుర్రాడు, చేరి ఎనిమిది నెలలైంది. మెసేజ్ వచ్చేసరికి టిన్ ఫ్యాక్టరీ దగ్గర సూట్‌కేస్ మీద కూర్చుని ఊరి బస్సు కోసం చూస్తున్నాడు. అక్కడే ల్యాప్‌టాప్ తెరిచాడు. వంద జీబీ డిస్క్, వందకి వంద శాతం. అయినా లాగిన్ అవగలిగాడు. ఎందుకంటే డిస్క్‌లో ఫైళ్ళని సర్దే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం జాగాని రూట్ గారి కోసం, అంటే సర్వర్‌కి పెద్ద దిక్కైన అడ్మిన్ ఖాతా కోసం, పక్కన పెడుతుంది. తిరుమలలో వీఐపీ బ్రేక్ లాంటిది. ధర్మదర్శనం క్యూ ఎక్కడ నిలిచిపోయినా రూట్ గారికి తలుపు తెరుచుకుంటుంది.

చూస్తే ఒక్క లాగ్ ఫైలే 82 జీబీ. "జిప్ చేద్దాం" అన్నారొకరు వైట్‌ఫీల్డ్ నుంచి. జిప్ చేసిన ఫైల్‌ని పెట్టడానికీ జాగా కావాలి కదండీ. ఇల్లు సర్దడానికి ఇంకో ఇల్లు ఉన్నవాడు చెప్పే సలహా అది. ఇంతలో "కడప కడప కడప" అంటూ బస్సు వచ్చింది. కుర్రాడు ఒక చేత్తో సూట్‌కేస్, ఇంకో చేత్తో ల్యాప్‌టాప్, చెవుల్లో మేనేజర్ గారు, అలాగే ఎక్కాడు. సీట్లో కూర్చుని, ఫైల్‌ని చెరిపే ఆర్‌ఎమ్ కమాండ్ కొట్టాడు. 82 జీబీ ఫైల్ మాయమైంది. డిస్క్ మాత్రం వందే చూపిస్తోంది.

ఆ తర్వాతి సంభాషణ నేను మారతహళ్ళిలో నా గదిలో కూర్చుని స్వయంగా విన్నాను. బస్సు మోతకి కుర్రాడు అరిచి మాట్లాడుతున్నాడు.

"సార్, లాగు తీసేశాను సార్!"

"పూర్తిగా తీసేశావా?"

"పూర్తిగా తీసేశాను సార్! ఇప్పుడు ఏమీ లేదు సార్!"

"మరి ఖాళీ అవలేదంటావేం? ఇంకోసారి తియ్యి."

"ఒకసారి తీసేశాక ఇంకోసారి ఎట్లా తీసేది సార్?"

బస్సులో మాటలన్నీ ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం నేను మా ఆఫీసు ధ్యాన మందిరంలో కూడా వినలేదు. పక్క సీట్లోంచి ఒక పెద్దాయన గొంతు మెల్లగా, జాలిగా వినిపించింది: "తీస్తే తీసినావులే గానీ మల్లా ఏసుకో నాయనా, బస్సులో ఆడోళ్ళుండారు."

హోస్కోట దాటేదాకా ఆ పెద్దాయనకి మా కుర్రాడు సర్వర్ గురించి చెబుతూనే ఉన్నాడు. మేనేజర్ గారేమో "రీసైకిల్ బిన్ చూశావా?" అని అడుగుతూనే ఉన్నారు. లినక్స్ సర్వర్‌లో ఆర్‌ఎమ్ కొట్టినదానికి రీసైకిల్ బిన్ ఎక్కడిది? పెద్దాయనకే విషయం ముందు అర్థమైందని నా నమ్మకం. "అయితే లాగు తీసినావు గానీ అది వానికే పట్టుకోనుంది, అంతే గదా?" అన్నాడు. అంతే. అక్షరాలా అంతే.

ఫైల్‌ని చెరిపితే పోయేది పేరే. ఆ ఫైల్‌ని తెరిచి పట్టుకున్న ప్రోగ్రామ్ దాన్ని వదిలేదాకా జాగా తిరిగి రాదు. బెంగళూరులో ఇల్లు అద్దెకిచ్చిన ఓనర్ ఎవరైనా ఇది నిద్రలో చెబుతాడు. గేటు మీద పేరు పలక పీకేసినంత మాత్రాన అద్దెకున్నవాడు పోడు. లోపలే ఉంటాడు, వండుకుంటాడు, రాత్రికి ఇద్దరు స్నేహితుల్ని కూడా పిలుస్తాడు. మా ప్రోగ్రామ్ కూడా పేరు లేని ఫైల్లో హాయిగా "హియర్ ఫైనల్" రాసుకుంటూనే ఉంది. పేరున్న ఫైళ్ళని మాత్రమే లెక్కపెట్టే డీయూ అనే కమాండ్ 11 జీబీ అంటోంది. డిస్క్‌నే అడిగే డీఎఫ్ అనే కమాండ్ నిండిందంటోంది. రెండూ నిజాలే. ఎల్‌ఎస్‌ఓఎఫ్ అని ఒక కమాండ్ కొడితే, చెరిపేసిన ఫైల్‌ని ఎవడు పట్టుకు కూర్చున్నాడో పేరుతో సహా చెబుతుంది. నడుస్తున్న ప్రోగ్రామ్‌ల వివరాలు చూపించే ప్రాక్ అనే ఫోల్డర్ దారిలో వెళ్ళి ఆ ఫైల్‌ని బయటికి కాపీ చేసుకోవచ్చు, ఆ తర్వాత అక్కడే సున్నా చేయవచ్చు. ప్రోగ్రామ్‌ని ఆపక్కర్లేదు. ఈ మాట నేను కాల్‌లో మూడుసార్లు చెప్పాను. మూడోసారి చెబుతుండగా మేనేజర్ గారు "రీస్టార్ట్ చేసేస్తే పోలా?" అన్నారు. చేసేశారు. 82 జీబీ ఖాళీ అయింది. "గ్రేట్ టీమ్ వర్క్" అని చాట్‌లో చప్పట్లు పడ్డాయి. చింతామణి దగ్గర కుర్రాడి సిగ్నల్ పోయింది. అదృష్టవంతుడు.

సరే, లాగు ఎలా కత్తిరించాలి? ఒంటి మీదున్న లాగుని కత్తెర పెట్టి కత్తిరించే టైలర్‌ని మీరు చూశారా? ముందు విప్పించాలి, కొత్తది తొడిగించాలి, తర్వాత పాతదాని సంగతి చూడాలి. లాగ్‌రొటేట్ అనే పనిముట్టు 1990ల నుంచీ చేస్తున్నది ఇదే. ఫైల్ పేరు మారుస్తుంది, కొత్త ఫైల్ పెడుతుంది, పాతది మార్చుకోమని ప్రోగ్రామ్‌కి సిగ్నల్ పంపిస్తుంది, పాతదాన్ని కంప్రెస్ చేసి మడతపెడుతుంది, చెప్పినన్ని మడతలు దాటితే అడుగుది పారేస్తుంది. ఆ సిగ్నల్ పంపే వాక్యం మనం రాయకపోతే పిల్లవాడు పాత లాగులోనే తిరుగుతాడు, కొత్తది దండెం మీద వేలాడుతుంది. విప్పనని మొండికేసే ప్రోగ్రామ్‌లకి కాపీట్రంకేట్ అనే దారి ఉంది: నకలు తీసుకుని, ఒంటి మీదే సున్నాకి కత్తిరించడం. నకలుకీ కత్తెరకీ మధ్య రాసిన నాలుగు వాక్యాలు గాల్లో కలుస్తాయి. వాటిలో కావలసినవి ఉంటే మీ ఖర్మ. నకలుకీ జాగా కావాలి కాబట్టి, డిస్క్ నిండాక గుర్తొస్తే లాభం లేదు.

మాకు లాగ్‌రొటేట్ లేదనుకునేరు. ఉంది. మూడేళ్ళుగా ఉంది. ఫోల్డర్ పేరులో ఒక అక్షరం తప్పు. తప్పుంటే అరవాలి కదా అంటారా? దాంట్లో "మిస్సింగ్‌ఓకే" అని ఒక మాట రాసి ఉంది. ఫైల్ దొరక్కపోయినా పర్లేదు, గొడవ చెయ్యకు అని. ప్రతి రాత్రీ లేని ఫైల్ కోసం వెళ్ళి, దొరక్క, ఓకే అనుకుని తిరిగొచ్చేది. మా ఆఫీసు గోడ మీద రాయాల్సిన మాట అదే. లాగ్‌రొటేట్ పక్కన మైనస్ డి అని పెట్టి ఒక్కసారి నడిపి చూస్తే, ఏదీ ముట్టుకోకుండా ఏం చేయబోతోందో చెప్పేది. ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

ఇంతవరకూ నవ్వుకున్నాం. ఇప్పుడు జేబులు.

ఉతకడానికి వేసేముందు మా అమ్మ లాగు జేబులు తప్పకుండా చూసేది. గోళీలు, బస్సు టికెట్టు, ఒక్కోసారి ఐదు రూపాయలు. మా లాగు జేబులో ఏముందో మూడు నెలల క్రితం నేను చూశాను. రాత్రి 11:40కి ఎవరో లాగిన్ అవడానికి వరసగా ఏడుసార్లు ప్రయత్నించారు. ఏడుసార్లూ వాళ్ళు కొట్టిన పాస్‌వర్డ్ అక్షరం పొల్లుపోకుండా మా లాగులో ఉంది, పక్కనే ఫోన్ నంబర్‌తో సహా. మొదట ఒక పేరు. తర్వాత అదే పేరు, చివర ఒకటి రెండు మూడు. తర్వాత ఆ పేరులో పెద్దక్షరం. తర్వాత ఒక తేదీ. ఏడోది బూతు. ఆ పేరు బహుశా కూతురిదో కొడుకుదో. అది మేమెందుకు చదవాలి? ఎవరిచ్చారు మాకు ఆ హక్కు? ఆ నంబర్, ఆ పాస్‌వర్డ్ ఆ మనిషి బ్యాంకులో కూడా అవే పెట్టుకుని ఉంటే? 2018లో ట్విట్టర్ ఇలాగే లోపలి లాగులో పాస్‌వర్డ్‌లు రాసుకుని, 33 కోట్ల మందిని పాస్‌వర్డ్ మార్చుకోమంది. 2019లో ఫేస్‌బుక్‌లోనూ కోట్లాది మంది పాస్‌వర్డ్‌లు చదవగలిగే రూపంలో బయటపడ్డాయి. వాళ్ళయినా బయటికొచ్చి చెప్పారు. మేం ఏం చేశామో తెలుసా? ఆ ముక్కని, నలభై వేల లైన్లని, "ఎవరైనా ఒకసారి చూడండి" అని వాట్సాప్ గ్రూపులో పెట్టాం. సిగ్గుండాలి. పాస్‌వర్డ్ అని పేరున్నదాన్ని చుక్కలుగా మార్చి రాయడానికి పది నిమిషాల పని. దానికి టైమ్ లేదు. "హియర్ ఫైనల్ న్యూ" రాయడానికి ఉంది.

సోమవారం ఆడిట్ వాళ్ళ మెయిల్ వచ్చింది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశం ప్రకారం లాగులు 180 రోజులు భద్రంగా దాచాలి, మూడు నెలల క్రితం నాటివి పంపండి అని. మేనేజర్ గారు చాలాసేపు మౌనంగా ఉండి, "గ్రూపులో పెట్టాం కదా అప్పుడు, అది ఎవరి దగ్గరైనా ఉందా?" అన్నారు. నా ఫోన్‌లో లేదు. కడప కుర్రాడు ఫోన్ మార్చాడు. గ్రూపులో 43 మంది. వాళ్ళలో ఆరుగురు కంపెనీ వదిలి వెళ్ళిపోయినవాళ్ళు, గ్రూపులోంచి తీసేయడం ఎవరికీ గుర్తులేదు. ఆ ఆరుగురిలో ఒకతను రెండు నిమిషాల్లో పంపించాడు. ఫైల్ పైన "ఫార్వర్డెడ్" అని చాలాసార్లు పంపిన గుర్తు ఉంది. మేనేజర్ గారు బొటనవేలు పెట్టారు.